పల్లీలతో చెప్పిన పాఠం

రిటైరయ్యాక నన్ను అప్పుడప్పుడు శిక్షణ తరగతులకు పిలుస్తున్నారు. మాట ఆలస్యంగా వచ్చే పిల్లలకు చదువు చెప్పబోయే మీలాంటి కుర్ర టీచర్లు ముందు వరుసలో నోట్‌బుక్కులు తెరుచుకొని కూర్చుంటారు. "మేడం, మీ సర్వీసులో మంచి సక్సెస్ ఒకటి చెప్పండి" అంటారు. సరే, చెబుతాను. నేను నేర్పిన పాఠాన్ని నా ఏడుగురు పిల్లలు ఒక్క మెట్టు తప్పకుండా, నేను పక్కన లేకపోయినా, తమంతట తాముగా చేసిన రోజు ఒకటుంది. ఆ సాయంత్రానికి ఏడుగురూ దవాఖానాలో ఉన్నారు.

రెండు వేల దశకం మధ్యలో సంగతి ఇది. కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయే బస్సెక్కి, అడవి మొదలయ్యే చోట దిగి, అక్కడి నుంచి రెండు కిలోమీటర్లు నడిస్తే మా బడి. చుట్టుపక్కల గూడేలన్నింటికీ అదే బడి. మాది మధిర వైపు. మేము "వచ్చాడు" అంటాం, వాళ్ళు "వచ్చిండు" అంటారు. నేను నోరు విప్పితే చాలు, మొదటి నెలంతా పిల్లలు రేడియో వింటున్నట్టు నోరు తెరుచుకొని చూసేవాళ్ళు. నాకు మూడు బడులు అప్పగించారు. ఈ బడికి సోమ, బుధ, శుక్రవారాల్లో వెళ్ళేదాన్ని. ఐదేళ్ళ నుంచి తొమ్మిదేళ్ళ లోపు పిల్లలు ఏడుగురు, వంటపాక పక్కన ఒక చిన్న గది, ఒక బీరువా. బీరువాకి తాళం పడేది కాదు.

ఇంట్లో కోయ భాష, బళ్ళో తెలుగు కాబట్టి వీళ్ళకు మాట రాలేదని అనేవాళ్ళు కొందరు. అదేం కాదు. వాళ్ళ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు రెండు భాషల్లోనూ గలగల మాట్లాడేవాళ్ళు. వీళ్ళకు ఇంటి భాషలోనూ మాట రాలేదు. ఒకడికి రెండు మాటలు, ఒకడికి నాలుగు, ఒకడికి సైగ ఒక్కటే.

ఆ ఏడుగురిలో ఒక్కతే ఆడపిల్ల. ఏడేళ్ళుంటాయి. "అవ్వ" అనేది, "ఆ" అనేది, బస్సు హారన్ మాత్రం అచ్చంగా మోగించేది. అమ్మానాన్న పత్తి ఏరడానికి ఒకసారి, మిరపకోతకు ఒకసారి ఖమ్మం వైపు వెళ్తే నెలలకు గాని తిరిగొచ్చేవాళ్ళు కారు. పిల్ల అమ్మమ్మ దగ్గర ఉండేది. ఆ ముసలామెను గూడెం అంతా అవ్వ అనేవాళ్ళు. నేనూ అవ్వా అనే పిలిచేదాన్ని.

పాఠం సంగతి ఎక్కడ మొదలైందంటే మధ్యాహ్న భోజనం దగ్గర. ఒకరోజు మా హెడ్మాస్టరు నన్ను ఆపి, "మేడం, మీ పిల్లలు పక్కోళ్ళ పళ్ళెంల చెయ్యి పెడుతున్నరు. ముక్కు తుడుచుకున్న చేతులతోనే. పెద్ద పిల్లలు కొడుతున్నరు. నేనెంతమందినని ఆపాలె?" అన్నారు. ఆయన మంచి మనిషే. కాకపోతే గొడవంటే భయం. బళ్ళో ఏ గొడవా లేకుండా రోజు గడిస్తే చాలు, ఆయనకు పండుగ.

నాకు రోషం వచ్చింది. నా పిల్లలు గుంజుకొని తినేవాళ్ళా అని. మూడు నెలల్లో వీళ్ళను అందరికంటే పద్ధతిగా తినేలా చేస్తానని ఆయనకు మాటిచ్చాను. అప్పట్లో నాకు మాటివ్వడం బాగా అలవాటు.

చెప్పుల డబ్బాల అట్టలు కత్తిరించి బొమ్మలు గీశాను. మొదటి బొమ్మ చేతులు కడుక్కోవడం. తర్వాత పొట్టు తియ్యడం. పొట్టు కింద పడెయ్యకుండా జేబులోనో, గౌను మడతలోనో పెట్టుకోవడం. ఆ తర్వాత ఒక్కొక్కరికి ఒక్కొక్కటి చేతిలో పెట్టడం. అందరికీ అందాక అందరూ చప్పట్లు కొట్టాలి. చప్పట్లయ్యాకే నోట్లో వేసుకోవాలి. పంచినవాళ్ళు అందరికంటే ఆఖరున తినాలి. నేర్పడానికి వేయించిన పల్లికాయలు ఎంచుకున్నాను. నా బ్యాగులో ఎప్పుడూ ఒక పొట్లం ఉండేది. నేను వెళ్ళిన రోజల్లా ఏడుగురికీ ఒక్కో వంతు.

అందరికంటే ఆలస్యంగా దారికి వచ్చింది ఆ ఆడపిల్లే. తన వంతు వచ్చినప్పుడల్లా పల్లీ ఒలిచి, అరచేతిలో పెట్టుకొని, ఆ చెయ్యి నా ముందు చాపి నిలబడేది. "నాకు కాదమ్మా, వాళ్ళకివ్వు" అని భుజం పట్టుకొని పిల్లల వైపు తిప్పేదాన్ని. రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చి నా ముందే చెయ్యి చాపేది. మళ్ళీ తిప్పేదాన్ని. ఇలా మూడు వారాలు. నాకు విసుగొచ్చేది, కానీ పైకి నవ్వుతూనే తిప్పేదాన్ని. నాలుగో వారంలో ఒకరోజు నా దగ్గరికి రాకుండా సూటిగా పిల్లల దగ్గరికి వెళ్ళి పంచింది. ఆ రోజు ప్రగతి పుస్తకంలో దాని పేరు కింద రాసుకున్నాను: "టీచరు మీద ఆధారపడటం తగ్గింది." రాసి, కింద గీత కూడా గీశాను.

మూడో నెల పూర్తయ్యేసరికి భోజనాల దగ్గర గుంజుకోవడాలు పోయాయి. పెద్ద పిల్లలు కూడా మా వాళ్ళను చూసి నవ్వుతూనే చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. హెడ్మాస్టరు పక్క బడివాళ్ళకు కూడా చెప్పుకున్నారు. నా నడకలో కాస్త తేడా వచ్చిందని నా భర్త వెక్కిరించేవాడు. నిజమే కావచ్చు.

మా బడికి గోడ లేదు. అంతకు రెండేళ్ళ ముందు ఎవరో మొక్కలు తెచ్చి కంచెగా నాటించారట. గూడెం వాళ్ళు వాటిని డీజిల్ చెట్లు అనేవాళ్ళు. ఆ గింజల నూనెతో బండ్లు నడుస్తాయని అప్పట్లో అంతటా ఒకటే మాట. పశువులు ముట్టవు, నీళ్ళు పొయ్యనక్కర్లేదు, అందుకని కంచెకి బాగుంటాయన్నారు. దసరా సెలవులైపోయి బడి తెరిచేసరికి ఆ చెట్లకు కాయలు పండి, ఎండి, నల్లగా పగిలి ఉన్నాయి. ఒక్కో కాయలో మూడు నల్లటి గింజలు. పైపెచ్చు తీస్తే లోపల తెల్లటి పప్పు. నేను బడికి వచ్చినప్పుడల్లా ఆ కంచె పక్కనుంచే నడిచి వచ్చేదాన్ని. ఒక్కనాడూ ఆగి చూడలేదు.

ఆ రోజు శుక్రవారం. అన్నం, పప్పు, కోడిగుడ్డు. భోజనాలయ్యాక నేను వరండాలో కూర్చొని రిజిస్టరు రాస్తున్నాను. హెడ్మాస్టరు పక్కనే కుర్చీలో టీ తాగుతున్నారు. మా గది వెనక నుంచి చప్పట్లు వినిపించాయి. ఏడు జతల చేతులు, కొంచెం ముందూ వెనకా.

"విన్నారా సార్? ఎవరూ చెప్పకుండానే ఏదో పంచుకుంటున్నారు" అన్నాను.

"అవ్ మేడం, మొత్తానికి సాధించిన్రు" అన్నారాయన.

నేను లేచి వెనక్కి వెళ్ళి చూడలేదు. ఏం పంచుకుంటున్నారో చూడలేదు. ఆ చప్పట్లు చెవులకు హాయిగా ఉన్నాయి. రిజిస్టరు ముందు పెట్టుకొని నాలో నేనే నవ్వుకుంటూ కూర్చున్నాను.

అరగంటకు ఐదేళ్ళవాడు వాంతి చేసుకున్నాడు. వాళ్ళందరిలో చిన్నవాడు వాడే. ఎండ దెబ్బేమో అనుకొని ముఖం కడిగాను. వాడి ముఖం కడుగుతుండగానే ఇంకొకడు. గంట తిరిగేసరికి ఏడుగురూ పొట్ట పట్టుకొని మెలికలు తిరుగుతున్నారు. పెద్ద తరగతుల పిల్లలకు ఏమీ కాలేదు. ఆ సంగతి అప్పుడే గమనించాల్సింది. గమనించలేదు. బళ్ళో పిల్లలు వాంతులు చేసుకుంటే అందరి కళ్ళూ ముందు వంటపాక వైపే పోతాయి.

కబురు తెలిసి గూడెం నుంచి తల్లులు పరుగెత్తుకొచ్చారు. చిన్నవాడి తల్లి వంటామె చెయ్యి పట్టుకొని గుంజింది. "ఏం బెట్టినవే మా పిలగాండ్లకు? కుళ్ళిన గుడ్లు బెట్టినవా?"

"నేను గూడ గదే తిన్న కదక్కా. నా బిడ్డ గూడ గదే తిన్నది" అని వంటామె ఏడుస్తూనే ఉంది. ఎవరూ వినలేదు. నేనూ ఏమీ అనలేదు. నా ధ్యాసంతా ఆటోలో పిల్లల్ని ఎక్కించడం మీద ఉంది. రెండు ఆటోలు, హెడ్మాస్టరు బండి, మండలం దవాఖానా. దారి పొడుగునా చిన్నవాడు నా ఒళ్ళో వేలాడిపోయాడు. పిలిస్తే కళ్ళు తెరిచి మళ్ళీ మూసేవాడు.

డాక్టరు వయసులో చిన్నవాడు. పిల్లల్ని పడుకోబెట్టి, నాడి చూసి, నా వైపు తిరిగి, "ఏం తిన్నరు మేడం? ముందు అది చెప్పున్రి" అన్నాడు.

"అన్నం, పప్పు, గుడ్డు."

"అది అందరూ తిన్నరంటున్నరు కద. వీళ్ళే ఏం తిన్నరు? పత్తికి కొట్టే మందు డబ్బా ఏమన్న దొరికిందా? మందయితే ఒక తీరు చెయ్యాలె, గింజో కాయో అయితే ఇంకో తీరు. పిల్లల్నే అడగున్రి."

పిల్లల్ని అడగాలి. ఏడుగురు పిల్లలు, ఏడు మంచాలు, అందరిదీ కలిపినా పది మాటలు లేవు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, "ఏం తిన్నావు నాన్నా?" అని అడిగాను. చిన్నవాడు నా చీర కొంగు పట్టుకున్నాడు, అంతే. బొమ్మల అట్టలు నా బ్యాగులోనే ఉన్నాయి. తీసి చూశాను. కడుక్కో, ఒలువు, ఇవ్వు, చప్పట్లు, తిను. "ఏది" అని అడగడానికి అందులో ఒక్క బొమ్మ లేదు. మూడు నెలలు కూర్చొని గీసినదాన్ని నేనే. తినేది ఎప్పుడూ నా బ్యాగులోంచే వచ్చేది కాబట్టి, అదేమిటో పిల్లలు చెప్పాల్సిన అవసరం వస్తుందని నాకు తోచనే లేదు. ఆ దవాఖానా గదిలో నిలబడి జీవితంలో మొదటిసారి నా చదువు మీద నాకు సిగ్గేసింది.

ఆడపిల్ల మిగతావాళ్ళకంటే కాస్త నయంగా ఉంది. మంచం దిగి నా దగ్గరికి వచ్చింది. నా చెయ్యి పట్టుకొని, వేళ్ళు విప్పి, అరచేతిలో ఏదో పెట్టినట్టు పెట్టింది. చేతిలో ఏమీ లేదు. పక్క మంచం దగ్గరికి వెళ్ళి వాడి అరచేతిలోనూ అలాగే పెట్టింది. ఆ పక్కవాడి చేతిలోనూ పెట్టింది. ఆరుగురి దగ్గరికీ తిరిగింది. తిరిగి వచ్చి నా ముందు నిలబడి, మెల్లగా రెండు చప్పట్లు కొట్టింది. ఆఖరున తన చెయ్యి నోటి దగ్గర పెట్టుకుంది.

అది నా పాఠం. మధ్యాహ్నం వరండాలో కూర్చొని నేను మురిసిపోతూ విన్న చప్పట్లు అవే. 

ఏం పంచావని ఎలా అడగాలో తెలియక, పల్లికాయ ఒలిచినట్టు రెండు వేళ్ళతో చూపించాను. వెంటనే అర్థం చేసుకుంది. గౌను అంచు మడతలో చెయ్యి పెట్టి నల్లటి పెచ్చులు తీసి నా చేతిలో పోసింది. పొట్టు కింద పడెయ్యకూడదు కదా మరి. నేను చెప్పింది ఏదీ అది మరిచిపోలేదు.

నర్సమ్మ చూసి, "డీజిల్ చెట్టు గింజలు సార్ ఇవి" అంది. డాక్టరు తల ఊపాడు. ఆ తర్వాత పని చకచకా సాగింది. సెలైన్లు పెట్టారు, నోటికి ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు పట్టించారు. సాయంత్రానికి ఆరుగురు లేచి కూర్చున్నారు. చిన్నవాడు మాత్రం మర్నాడు మధ్యాహ్నానికి గాని మామూలు మనిషి కాలేదు. వాడు లేచి బిస్కెట్టు వైపు వేలు చూపినప్పుడు నేను బయటికి వెళ్ళి గోడకానుకొని ఏడ్చాను.

ఇక్కడితో అయిపోతే ఇది మీకు చెప్పుకునేంత సంగతి కాదు. అసలు తప్పు ఆ తర్వాత చేశాను.

గింజల సంగతి తెలియగానే వంటామె మీది నింద పోయింది. పోయి ఊరుకోలేదు, ఆ పిల్ల మీద పడింది. "గా పిల్లనే అందరికి తినిపిచ్చింది. గామె బడికొస్తే మా పిలగాన్ని పంపను" అంది చిన్నవాడి తల్లి. మిగతావాళ్ళు కూడా అదే మాట అన్నారు. హెడ్మాస్టరు నన్ను గదిలోకి పిలిచి మెల్లగా చెప్పారు.

"కొన్నాళ్ళు ఆ పిల్లను ఇంటికాడనే ఉండమందాం మేడం. పిల్లలు గింజలు ఏరుకొని తిన్నరు, గంతే. మీ పాఠం సంగతి మీరు ఎత్తకున్రి. మీరెందుకు మీదేసుకుంటరు?"

నేను ఎత్తలేదు. పది రోజులు ఎత్తలేదు. నా ఉద్యోగం, నా ప్రగతి పుస్తకం, పక్క బడుల్లో నాకొచ్చిన పేరు, ఇవన్నీ గుర్తొచ్చాయి. గొడవ సద్దుమణిగాక చెబుదాంలే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఆరుగురికి పాఠం చెబుతూనే ఉన్నాను. ఏడో పీట ఖాళీగా ఉండేది. బడికి వెళ్ళిన రోజల్లా దాన్ని గోడ వారకు జరిపి, మళ్ళీ వెళ్ళేముందు వరసలో పెట్టేదాన్ని. మీలో ఎవరైనా నన్ను మంచి టీచరని అనుకుంటుంటే ఆ పది రోజులు కూడా లెక్కలో వేసుకోండి.

పదకొండో రోజు ఉండబట్టలేక గూడేనికి వెళ్ళాను. అవ్వ ఇంటి ముందు చేటలో చిక్కుడుకాయలు పోసుకొని ఈనెలు తీస్తోంది. పిల్ల పక్కనే ఉంది. నన్ను చూడగానే రెండు చేతులూ వీపు వెనక దాచుకుంది. దగ్గరికి రాలేదు, పారిపోనూ లేదు.

"గట్లనే ఉంటంది టీచరమ్మా" అంది అవ్వ. "ఎవ్వలకు ఏం ఇయ్యది. ఎవ్వలిస్తే తీస్కోది. కంచంల బెడితే చెయ్యి బెట్టది. నేను ముద్ద జేసి నోట్ల బెడితెనే తింటంది."

నేను ఆమె ముందు నేల మీద కూలబడ్డాను. "అవ్వా, తప్పు దానిది కాదు. నాది. ఏది దొరికినా అందరికీ ఇవ్వమని నేనే నేర్పాను. నేను చెప్పినట్టే చేసింది" అన్నాను. పల్లీల దగ్గర్నుంచి చప్పట్ల దాకా అంతా చెప్పాను.

అవ్వ చిక్కుడుకాయలు ఆపలేదు. అంతా విన్నాక అంది: "ఇయ్యమని నేర్పినవు, మంచిదే. సూపియ్యమని ఎందుకు నేర్పలే?"

"ఏంటవ్వా?"

"అడివిల కాయ దొరుకుతది, గడ్డ దొరుకుతది. పిల్లలు ముందుగాల పెద్దోళ్ళకు సూపియ్యాలె. పెద్దోళ్ళు సూసి, నోట్ల ఏసుకొని, మంచిదే అంటెనే పంచుకోవాలె. గీ చిక్కుడుకాయలు గూడ కొత్తల పండుగ జేసి, ముందుగాల దేవునికి పెట్టినంకనే మేం తింటం. మా పిల్లలకు నడక ఒచ్చుడు తోనే గిది నేర్పుతం. గీ పిల్లకు మాట లేదు గాని గిది ఒచ్చు. ఏం దొరికినా నా ముందల చెయ్యి సాపి నిలవడేది. బడికి వొయ్యినంకనే మానింది. ఎందుకు మానిందో నాకు సమజ్ గాలే."

నాకు సమజ్ అయింది. మూడు వారాల పాటు ఆ పిల్ల పల్లీని అరచేతిలో పెట్టుకొని నా ముందు ఎందుకు నిలబడిందో, నేను భుజం పట్టుకొని తిప్పినా తిప్పినా ఎందుకు వెనక్కి వచ్చిందో అర్థమైంది. ఇది తినొచ్చా అని నన్ను అడిగింది. ఆ ఏడుగురిలో తిండి విషయంలో జాగ్రత్త తెలిసిన పిల్ల అదొక్కతే. ఆ జాగ్రత్తను నా చేతులతో నేనే మాన్పించి, మానిందని పుస్తకంలో రాసి గీత గీశాను.  అవ్వకు అది కూడా చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. చేట నా వైపు జరిపింది. ఇద్దరం కలిసి ఈనెలు తీశాం.

మర్నాడు హెడ్మాస్టరు దగ్గరికి వెళ్ళి తల్లుల్ని పిలవమన్నాను. "వద్దు మేడం, మళ్ళ లొల్లయితది" అన్నారు. అయితే అవ్వనివ్వండి సార్ అన్నాను. ఆయన నా ముఖం చూసి కబురు పంపారు.

తల్లులు వరండాలో కూర్చున్నారు. వంటామె పాక గుమ్మంలో నిలబడింది. నేను మాటలు బాగానే సిద్ధం చేసుకొని వెళ్ళాను గాని, తీరా లేచి నిలబడ్డాక మిగిలింది కొంచెమే. "గింజలు పంచింది ఆ పిల్లే. పంచడం నేర్పింది నేను. ముందు పెద్దవాళ్ళకు చూపించడం దానికి ఇంటి దగ్గరే వచ్చు. దాన్ని మాన్పించింది కూడా నేనే. ఆ రోజు వంటామెను మీరంతా తిడుతుంటే నేను నోరు మూసుకొని ఉన్నాను. అదీ తప్పే."

 చిన్నవాడి తల్లి అడిగింది. "మరి గిన్ని రోజులు ఎందుకు చెప్పలే టీచర్?"

"భయపడ్డాను" అన్నాను. 

ఆమె నా వైపు చాలాసేపు చూసింది. తర్వాత హెడ్మాస్టరు వైపు తిరిగి, "గా పిల్లను రమ్మను సారూ" అంది. ఆ వారంలోనే గూడెం మగవాళ్ళు వచ్చి డీజిల్ చెట్లన్నీ నరికి, వేళ్ళతో సహా తవ్వి, వెదురు దడి కట్టారు.

పాఠం మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. అట్టల్లో కొత్త బొమ్మ ఒకటి చేరింది: చాపిన అరచెయ్యి, దాని మీదికి వంగి చూస్తున్న పెద్దావిడ. ముసలామెను గీయబోతే అవ్వలాగే వచ్చింది. చప్పట్ల బొమ్మ మాత్రం తీసేశాను. ఆ చప్పుడు నేను వినలేకపోయేదాన్ని. సోమవారం సోమవారం అవ్వ వచ్చి గదిలో కూర్చునేది. పిల్లలు దొరికిందల్లా తెచ్చి ఆమె ముందు చెయ్యి చాపేవాళ్ళు. రేగుపండుకు తల ఊపేది. బలపం ముక్కకు, సబ్బు ముక్కకు, ఒకసారి బ్యాటరీ బిళ్ళకు చెయ్యి అడ్డంగా ఊపి, తీసి పక్కన పెట్టేది. ఆమెకు ఏ శిక్షణా లేదు. నాకంటే బాగా చెప్పింది.

ఆరుగురు నేర్చుకున్నారు. ఆడపిల్ల మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకొని చూస్తూ కూర్చునేది. కంచంలో చెయ్యి పెట్టి తినడానికి నెల పట్టింది. ఎవరికైనా ఏదైనా ఇవ్వడం మాత్రం నెలలు గడిచినా చూడలేదు. నేను తొందరపెట్టలేదు. తొందరపెట్టడానికి నాకిక ముఖం లేదు.

వేసవి సెలవుల ముందు ఆఖరి రోజు. నాకు ఇల్లందు వైపు బదిలీ అయిందని అప్పటికే కాగితం వచ్చింది. బీరువా సర్దుకుంటున్నాను. పిల్లలు ఆరుగురు వరండాలో ఉన్నారు. ఆడపిల్ల బయటినుంచి వచ్చింది. మోదుగాకు దొన్నెలో ఏవో పట్టుకొచ్చింది. తునికి పండ్లు, పసుప్పచ్చగా, బాగా పండినవి. పొద్దున్నుంచి నేనేమీ తినలేదు. అది దగ్గరికి రాగానే, ఇన్నాళ్ళకు తన చేత్తో ఏదో తెచ్చిందన్న సంతోషంలో, చెయ్యి చాచి ఒకటి తీసుకోబోయాను.

దొన్నె వెనక్కి తీసుకుంది. నా వైపు కోపంగా చూసింది. ఆ రోజు అవ్వ రాలేదు. అటూ ఇటూ చూసి, సూటిగా వంటపాకలోకి వెళ్ళింది. నేనూ వెనకే నడిచాను. వంటామె ముందు ఒక పండు అరచేతిలో పెట్టుకొని, చెయ్యి చాపి నిలబడింది.

వంటామె ఆ పిల్లను చూసింది, పాక బయట నిలబడ్డ నన్ను చూసింది. చేతులు కడుక్కొని, కొంగుకు తుడుచుకొని, పండు తీసుకొని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. కొరికి తిన్నది. గింజ ఊసేసి, "మంచిదే బిడ్డా, పంచుపో" అంది.

అప్పుడు పంచింది. ఆరుగురి చేతుల్లో ఒక్కొక్కటి. తర్వాత నా దగ్గరికి వచ్చి, నా వేళ్ళు విప్పి, అరచేతిలో ఒకటి పెట్టింది. తనకు ఒకటి మిగుల్చుకుంది. నాకు కళ్ళు మసకబారాయి. పండు నోటి దగ్గరికి తీసుకెళ్ళాను.

నా మణికట్టు పట్టుకొని ఆపింది. ఏం తప్పు చేశానో నాకు అర్థం కాలేదు. అది పిల్లల వైపు చూసింది. నేను తీసేసిన చప్పట్ల బొమ్మను వాళ్ళెవరూ మనసులోంచి తీసెయ్యలేదు. ఆరుగురూ పండ్లు ఒళ్ళో పెట్టుకొని చేతులు పైకెత్తి నా కోసమే చూస్తున్నారు. పండు కింద పెట్టి నేనూ చేతులెత్తాను. పాకలోంచి వంటామె కూడా కలిసింది. అందరం చప్పట్లు కొట్టాక తిన్నాం, అందరికంటే ఆఖరున ఆ పిల్ల తిన్నది.